బ్రెయిలీ ప్రింటరుకు ఒక గది

ఆ ఆదివారం ఆరాధన చివర్లో కొత్త కంప్యూటరును వేదిక ముందు బల్ల మీద పెట్టి, బంతిపూల దండ వేసి, పాస్టరు గారు ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. మా సంఘంలో ఏ కొత్త వస్తువు వచ్చినా ఇదే పద్ధతి. ఫ్యానైనా, మైకైనా, ప్లాస్టిక్ కుర్చీలైనా ముందు ప్రార్థన, తర్వాతే వాడకం. దేవుని ఇంట్లోకి వచ్చే వస్తువు దేవునికి చెప్పి రావడంలో నాకెప్పుడూ తప్పు కనిపించలేదు. అయితే ఆ రోజు ప్రార్థనలో ఒక మాట ఉంది. కొత్తదాన్ని ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పాక, పాతదాన్ని మా మధ్య నుంచి తీసివేసినందుకు కూడా పాస్టరు గారు స్తోత్రం చెల్లించారు. అందరం ఆమేన్ అన్నాం. నేనూ అన్నాను. నా పక్కన కూర్చున్న అక్క కూడా అంది.

పాతదాన్ని తీసివేయడం అంటే ఏమిటో మా ఇద్దరికీ ఆ క్షణంలో తట్టలేదు. కళ్లు మూసుకుని వింటున్నప్పుడు ఏ మాటకు ఆమేన్ అంటున్నామో ఒక్కోసారి చూసుకోం. ఈ రాతలో నాకు చాలామంది మీద కోపం ఉంది. మొదటి వాటా నా మీదే.

అక్క నాకు తోడబుట్టినది కాదు. మా వీధిలో రెండిళ్ల అవతల ఉంటుంది. పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పుడు అంధుల బడిలో హాస్టల్లో ఉండి చదువుకుంది. తెలుగు బ్రెయిలీ, ఇంగ్లీషు బ్రెయిలీ రెండూ వచ్చు. నేను నిడదవోలులో ఒక కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూసుకుంటాను. ఆదివారం సండే స్కూలు చెబుతాను. మా నాన్న ఉపదేశి, ఊళ్లో వాక్యం బోధించేవాడు. లేఖనాలు అన్నంతోపాటు కలిపి పెట్టిన మనిషి. వాక్యం తెలియని రోజు నాకు గుర్తులేదు. అక్కకూ అంతే. కాకపోతే నేను కంటితో నేర్చుకున్నది ఆవిడ వేళ్లతో నేర్చుకుంది.

పన్నెండేళ్ల కిందట, అంధుల కోసం పుస్తకాలు అచ్చువేసే ఒక చిన్న ముద్రణాలయం మూతపడింది. అక్కడి బ్రెయిలీ ప్రింటరు, దాన్ని నడిపే కంప్యూటరు మా సంఘానికి వచ్చాయి. ఆ ప్రింటరులో సిరా ఉండదు. లోపల సన్నని సూదులు దళసరి కాగితాన్ని కింది నుంచి పొడిచి చుక్కలు లేపుతాయి. నడుస్తుంటే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టే చప్పుడు. అందుకే దాన్ని చర్చి వెనక గదిలో, పాత హార్మోనియం పక్కన పెట్టారు.

ప్రతి శనివారం మధ్యాహ్నం మేమిద్దరం ఆ గదిలో కూర్చునేవాళ్లం. మర్నాటి పాఠం నేను తెలుగులో టైపు చేస్తాను. ప్రోగ్రాము దాన్ని బ్రెయిలీ చుక్కలుగా మారుస్తుంది. ప్రింటరు పొడుస్తుంది. అక్క వేలు పెట్టి చదివి తప్పులు చెబుతుంది. తెలుగు ఒత్తులంటే ఆ ప్రోగ్రాముకు మొదట్లో తికమకే. 'క్రీస్తు' అన్న మాటనే సరిగ్గా రాసేది కాదు.

"ప్రభువు పేరు రాయడం రాని మిషనుకి చర్చిలో ఏం పనే?" అని అక్క నవ్వింది ఒక రోజు.

ఒక్కో మాటా ఆవిడ చెప్పడం, నేను ప్రోగ్రాములోని దిద్దుబాట్ల పట్టికలో ఎక్కించడం. అలా పన్నెండేళ్లు. ఆ పట్టికకు నకలు లేదు. ప్రోగ్రాముకు డిస్కూ లేదు. ఉన్నదల్లా ఆ పాత కంప్యూటరులో ఉన్నదే. కంప్యూటర్ల మధ్య బతికే మనిషినై ఉండి నకలు తీసి పెట్టలేదంటే, అది కూడా నా ఖాతాలోనే వేయండి.

ఇక కొత్త కంప్యూటరు వచ్చిన ఏడాది సంగతి. మంచి శుక్రవారం మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. మధ్యలో, నాలుగు సువార్తలూ కలిపి కూర్చిన ప్రభువు శ్రమల కథంతా, తోటలో పట్టుకున్న దగ్గర నుంచి సమాధిలో పెట్టేదాకా, ఒకరే నిలబడి చదువుతారు. ఇరవై ఏళ్లుగా ఆ పాఠం మా సంఘ పెద్ద ఒకాయన చదువుతున్నారు. రొయ్యల చెరువులున్న ఆసామి. గొంతు గట్టిది, మనసు మంచిది, కాని మాట పడనివ్వరు. ఆ ఏడాది పాస్టరు గారు ఆ పాఠాన్ని అక్కకు ఇచ్చారు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం అక్క నా చేయి పట్టుకుని, "వాళ్లందరూ నిలబడి ఉంటారు కదే. నేను చదువుతుంటే సంఘమంతా నిలబడి ఉంటారు," అంది. అంత కథకు ముప్పైకి పైగా బ్రెయిలీ పేజీలు కావాలి. అవి లేకపోతే అక్క చదవలేదు.

కొత్త కంప్యూటరు ఇచ్చింది కూడా ఆ చెరువుల పెద్దాయనే.

ప్రతిష్ఠ జరిగిన మర్నాడు కాలేజీ నుంచి వచ్చి, అక్కను తీసుకుని వెనక గదికి వెళ్లాను. ప్రింటరు ఉంది. దాని వెడల్పాటి కేబులు కొస నేలమీద వేలాడుతోంది. పాత కంప్యూటరు ఉన్నచోట దుమ్ములో నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి.

పెద్దాయన ఇంటికి వెళ్లాం. అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"పాత సామాన్ల బండి వస్తే వేసేశామమ్మా," అన్నారు. "తెరంతా పసుపుపచ్చగా అయిపోయింది కదా. ఇంకా ఎందుకది?"

"అందులో అక్క పాఠాలున్నాయండి. ఆ ప్రింటరు దాంతోనే నడుస్తుంది."

"కొత్తదాంతో నడుపుకోండి. దానికీ దీనికీ పోలికేంటి? ఇది విమానం."

"ఒక్కమాట అడగాల్సిందండి."

"ఎవర్ని? కమిటీలో అందరం అనుకున్నాంగా."

కమిటీలో అందరూ అంటే ఎనిమిది మంది. ఆ ప్రింటరు వాడే మనిషి సంఘం మొత్తం మీద ఒక్కతే. ఆ ఒక్క మనిషి వాళ్ల లెక్కలోకి రాలేదు. నాకు ఒళ్లు మండింది. ప్రార్థన కూడికలకు వచ్చే ప్రసంగీకులు అక్క నెత్తిన చేయి పెట్టి చూపు రావాలని గంటలు గంటలు ప్రార్థిస్తారు. అక్క కాదనదు, తల వంచుకుని నిలబడుతుంది. మరి చూపు వచ్చేలోగా నీకు ఏం కావాలమ్మా అని అడిగిన ప్రసంగీకుడు నాకు ఇంతవరకు కనబడలేదు. దారిపక్కన అడుక్కుంటున్న గుడ్డివాడు కేకలు వేసి పిలిస్తే, ప్రభువు ఆగి, నీకేం చెయ్యమంటావు అని ముందు అడిగాడు. అతనికేం కావాలో ఆయనకు తెలియకనా? అయినా అడిగాడు. ఈ సంగతి సండే స్కూల్లో అయిదేళ్ల పిల్లలకు చెబుతాను. కమిటీకి చెప్పాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ మాటే అన్నాను పెద్దాయనతో. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "వాక్యం నాకు చెబుతున్నావా అమ్మాయ్?" అన్నారు. అక్క నా మోచెయ్యి గిల్లింది. వచ్చేశాం.

కొత్త కంప్యూటరు బిగించడానికి మర్నాడు రాజమండ్రి నుంచి షాపు తాలూకు టెక్నీషియన్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెడలో కార్డు, చేతిలో స్క్రూడ్రైవరు. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, అతనికి ప్రింటరు కేబులు చూపించాను. దాని కొసను వేళ్లతో తిప్పి చూసి నవ్వాడు.

"ఈ పోర్టు ఇప్పుడెక్కడుంది మేడం? మ్యూజియంలో ఉండాలి."

"వేరే దారి లేదా అండి?"

"పోర్టు సంగతి తర్వాత. దీన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రామేది? కంపెనీవాళ్లు ఎప్పుడో ఆపేశారు. కొత్త విండోస్‌కి అసలు ఇది ఏంటో కూడా తెలీదు. తీసేసి కొత్త ప్రింటరు కొనుక్కోండి."

"ఇది బాగానే పనిచేస్తోందండి."

"పనిచేసినా పాతదే కదండి." అంతవరకు అక్కను చూడనట్టే ఉన్నవాడు అప్పుడు ఆవిడ వైపు తిరిగాడు. తిరిగి నాతోనే అన్నాడు. "ఆవిడకి ఫోన్లో ఆడియో పెట్టండి. చెవిలో పెట్టుకుని వినేసి అలాగే చెప్పేస్తారు. ఎవరికి తెలుస్తుంది?"

అక్క అడిగింది. "ఏమయ్యా, నువ్వు టెన్త్ చదివావా, విన్నావా?"

"అదేంటండీ?"

"ఎవరో చెవిలో చెబితే నువ్వు పరీక్ష రాశావా అంటున్నాను."

అతను ఇబ్బందిగా నవ్వి వైర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ మాటలు నన్ను చాలా రోజులు వదల్లేదు. పనిచేసినా పాతదే అంటాడు. ఆ ప్రింటరులో ఒక్క సూది వంగలేదు. చక్రాల్లో ఒక్క పన్ను అరగలేదు. కాగితం పెడితే పొడుస్తుంది, చెబితే వింటుంది. ఎక్కడో ఎవరో దానికి కావలసిన నాలుగు వరుసల ప్రోగ్రాము రాయడం మానేశారు, అంతే. వాళ్లు మానేశారు కాబట్టి అది చచ్చిపోయినట్టని ఇక్కడ ఇతను తీర్పు చెబుతున్నాడు. బాగున్నదాన్ని చెడిపోయిందని చెప్పి పారేయించడం అబద్ధ సాక్ష్యం కాకపోతే ఏమిటి? పైగా అక్కకు ఇచ్చిన సలహా ఒకటి. సంఘమంతా నిలబడి వింటుండగా, చదువుతున్నట్టు నటించమని. అదీ చర్చిలో. అదీ మంచి శుక్రవారం.

దారి ఉందని నాకు తెలుసు. కాలేజీ ల్యాబులో పాత మిషన్ల కోసం ఒకటి రెండుసార్లు చేశాను. కొత్త కంప్యూటరు లోపల, ఒక ప్రోగ్రాము సాయంతో, లేని కంప్యూటరును ఒకదాన్ని ఉన్నట్టు నిలబెట్టవచ్చు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. పాత కంప్యూటరు డిస్కులో ఉన్నదంతా ఒక ఫైలుగా నకలు తీసి అందులో పెడితే, పాత విండోస్ తాను ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుని లేచి పని చేసుకుంటుంది. పాత డ్రైవరు, పాత ప్రోగ్రాము, దిద్దుబాట్ల పట్టిక, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. అయితే ఆ పాత డిస్కు కావాలి. అది సామాన్ల బండిలో పోయింది.

ఆ బండి రావులపాలెం వాళ్లదని పాలుపోసే ఆవిడ చెప్పింది. శనివారం అక్కా నేనూ తణుకులో బస్సు మారి, సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెంలో దిగాం. పాత సామాన్ల కొట్టు అరటికాయల మార్కెట్టు వెనకవైపు. దారంతా గెలలు, తొక్కిన ఆకులు, లారీలు. అక్క నా భుజం పట్టుకుని నడుస్తూ, "చక్కెరకేళి మగ్గిందే, ఆ ఎడమపక్క," అంది. కోపంలో ఉన్నదాన్ని, నవ్వొచ్చింది.

కొట్టాయన తూకం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"కంప్యూటర్లా? అదిగోనండి, ఆ రేకుల కింద గుట్ట. ఏది మీదో మీరే చూసుకోండి."

ఇరవై దాకా డబ్బాలు. అన్నీ నలుపు, అన్నీ ఒకేలాగా, అన్నిటి మీదా దుమ్ము. పేర్లు లేవు. నేను ఒకటీ రెండూ తిప్పి చూసి నిలబడిపోయాను. అక్క చెప్పులు విప్పి, గుట్ట ముందు చతికిలపడి, ఒక్కో డబ్బా ముందుభాగం తడమడం మొదలుపెట్టింది.

"జాగ్రత్తమ్మా, రేకు గీసుకుపోద్ది," అని కేకేశాడు కొట్టాయన.

అక్క వినిపించుకోలేదు. తొమ్మిదో పదో డబ్బా దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"ఇదే."

స్విచ్ పక్కన చిన్న ప్లాస్టిక్ పట్టీ అంటించి ఉంది. ఎప్పుడో అక్కే దాని మీద బ్రెయిలీ పలకతో 'ఇక్కడ నొక్కు' అని పొడిచి అంటించుకుంది. పన్నెండేళ్లుగా కళ్ల ముందున్నా నేను ఆ పట్టీని ఎప్పుడూ పట్టించుకోలేదు.

"అంత వెతుకుతున్నారు, ఏముందండి దాంట్లో, బంగారమా?" అన్నాడు కొట్టాయన.

"వాక్యం ఉందయ్యా," అంది అక్క.

అతను లేచి వచ్చి స్క్రూలు విప్పి డిస్కు తీసి, పాత దినపత్రికలో చుట్టి ఇచ్చాడు. ఆ వారమంతటిలో మమ్మల్ని మర్యాదగా చూసిన మనిషి అతనొక్కడే.

సోమవారం ల్యాబులో డిస్కు తగిలించి నకలు తీయడం మొదలుపెట్టాను. గుట్టలో పడి దెబ్బతిన్నట్టుంది, అక్కడక్కడ చదవలేక ఆగి, టిక్కు టిక్కుమని మళ్లీ ప్రయత్నించేది. ఆగినప్పుడల్లా ప్రార్థన చేశాను, దాచుకోను. డిస్కుల కోసం ప్రార్థన చేస్తారా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. సాయంత్రానికి పూర్తయింది.

చర్చి వెనక గదిలో బిగించిన కొత్త కంప్యూటరు మీద వర్చువల్ మెషీన్ తయారుచేశాను. దానికి కొంచెం మెమరీ, ఒక డిస్కు, ఒక పోర్టు కేటాయించాను. మొదటిసారి నీలం తెర చూపి ఆగిపోయింది. డిస్కు రకం తప్పు ఇచ్చాను. మార్చాను. రెండోసారి తెర మీద పాత విండోస్ లేచింది. పచ్చని గుట్ట, నీలాకాశం, తెల్ల మబ్బులు. కింద మూలన మా బ్రెయిలీ ప్రోగ్రాము. తెరిచి దిద్దుబాట్ల పట్టిక చూశాను. మొదటి మాట 'క్రీస్తు', ఉన్నచోటే ఉంది.

సరిగ్గా అప్పుడే చెరువుల పెద్దాయన, పాస్టరు గారు లోపలికి వచ్చారు. పెద్దాయన తెర చూసి ఆగిపోయారు.

"ఏంటిది?"

"పాత కంప్యూటరండి. దీని లోపల నడుస్తోంది."

"నేను కొత్తది కొనిస్తే దాని కడుపులో పాతది పెట్టావా?" ఆయన ముఖం ఎర్రబడింది. "ఊళ్లో వాళ్లు చూస్తే ఏమనుకుంటారు? పాతదే తెచ్చి ఇచ్చాడు పెద్దమనిషి అనుకోరా? ప్రతిష్ఠ చేసిన వస్తువమ్మా అది! తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

ఎవరి కోసం ఇచ్చారండి అసలు ఇది, అని అడగాలనిపించింది. నోటి దాకా వచ్చింది కూడా. దండ వాడిపోయి ఇంకా తెర పక్కనే ఉంది. ఇచ్చినదాన్ని ఎవరు ఎలా వాడుకుంటే మంచిదో కూడా తానే చెబుతానంటే అది ఇవ్వడమేనా? కాని అక్క వెనక కూర్చుని ఉంది. ఆయన కోపం ముదిరితే పేజీలు పోతాయి. ఉపదేశి కూతురిని కాబట్టి వేరే తలుపు తట్టాను.

"అన్నయ్యగారూ, మీకు తెలియని వాక్యం కాదు. తమ ఊరి మీదుగా వస్తూపోతూ ఉండే ప్రవక్త కోసం ఒక ఘనురాలు మేడమీద చిన్న గది కట్టించింది, గుర్తుందా అండి?"

"ఎందుకు గుర్తులేదు?"

"ఆయనకు ఏమేం పెట్టిందండి అందులో?"

ఆయన వేళ్లు మడిచి లెక్కపెడుతూ, "మంచం, బల్ల, కూర్చోడానికి పీట, దీపం," అన్నారు.

"ఇల్లు ఆవిడదే. పేరూ ఆవిడదే. ప్రవక్త ఆ ఇంట్లో ఉన్నాడని ఆవిడ ఇంటి పరువేమైనా తగ్గిందా అండి? మీ కంప్యూటరులో నేను చేసింది అంతే. ఒక చిన్న గది. ఆ గదిలో ఈ పాతదానికి మంచం, పీట, దీపం. తలుపు మూస్తే మీ కంప్యూటరు మీ కంప్యూటరే." తెర మీది పాత విండోస్ కిటికీ మూసి చూపించాను. కొత్త తెర మెరుస్తూ నిలబడింది.

పాస్టరు గారు నవ్వు ఆపుకుంటూ, "వాక్యానుసారంగానే ఉందండి," అన్నారు.

పెద్దాయన నవ్వలేదు. "సరే. మట్టల ఆదివారం లోపల చదవడానికి పనికొచ్చే కాగితం ఆ ప్రింటరు ఇవ్వాలి. ఇవ్వకపోతే గదీ లేదు, గిదీ లేదు. పాఠం ఎప్పట్లాగే నేను చదువుతాను," అని వెళ్లిపోయారు.

మట్టల ఆదివారానికి, అంటే మంచి శుక్రవారం ముందొచ్చే ఆదివారానికి, అయిదు రోజులుంది.

వెడల్పాటి పోర్టు కొత్త కంప్యూటరుకు లేదు. అదృష్టవశాత్తూ ప్రింటరు వెనక ఇంకొక చిన్న పోర్టు ఉంది. దానికి సరిపడే యూఎస్‌బీ కేబులు ల్యాబులో ఉంది. తెచ్చి తగిలించి, దాన్ని కొత్త విండోస్ ముట్టుకోకుండా వదిలేసేలా, పాత విండోస్ పట్టుకునేలా చేశాను. ఒక పేజీ పంపాను. వడగళ్ల చప్పుడు మొదలైంది. కాగితం బయటికి రాగానే అక్క ఆత్రంగా లాక్కుని వేలు పెట్టింది. ఒక వరుస, రెండు వరుసలు. ముఖం చిట్లించింది.

"ఇది ఏ భాషే?"

"తెలుగే."

"బాబెలు గోపురం దగ్గర మాట్లాడిన తెలుగు అయ్యుంటుంది."

కంప్యూటరు ఒక వేగంతో పంపుతోంది, ప్రింటరు ఇంకో వేగంతో అందుకుంటోంది. అంతవరకు అర్థమైంది. ప్రింటరు వేగం ఎంతో తెలియదు. దాని మీద తెర లేదు, అక్షరాలు లేవు, నాలుగు బటన్లు తప్ప. రెండు రోజులు ఇంటర్నెట్టు అంతా గాలించాను, ఆ మోడలు పుస్తకం కోసం. దొరకలేదు. ఉన్న వేగాలన్నీ ఒక్కొక్కటీ మార్చి చూద్దామంటే, ఇంకేవో సంగతులు కూడా కలవాలి. దళసరి కాగితం దస్తా తరిగిపోతోంది. మూడో రోజు సాయంత్రం తల పట్టుకుని కూర్చుని, "దీని మాన్యువల్ ఉంటే ఎంత బాగుండు," అన్నాను పైకే.

"ఉందిగా," అంది అక్క.

"ఎక్కడ?"

"బీరువా మీద. తాడు కట్టి ఉంది చూడు, లావుపాటిది."

బీరువా మీద నుంచి దించాను. ఇంత లావు పుస్తకం. విప్పితే తెల్ల కాగితాలు. ఒక్క అక్షరం లేదు. అన్నీ చుక్కలే. గుడ్డివాళ్ల కోసం చేసిన ప్రింటరు కాబట్టి దాని మాన్యువల్ బ్రెయిలీలో వచ్చింది. ఇంగ్లీషులో. పన్నెండేళ్లుగా నేను దాన్ని ఖాళీ కాగితాల కట్ట అనుకున్నాను.

"ముందే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడిగావా?"

కమిటీ మీద, టెక్నీషియన్ మీద అన్నన్ని మాటలు అనుకున్నదాన్ని. మూడు రోజులు అదే గదిలో, అదే బల్ల దగ్గర, ఆ ప్రింటరు గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క మాట అడగలేదు. ఆవిడ పని పేజీలు అందుకోవడమేనని నేనూ అనుకున్నాను. తల ఎత్తలేకపోయాను.

అక్క అప్పటికే పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతోంది. పెదవులు కదులుతున్నాయి. అరగంటకు, "ఇదిగో. రెండో బటను నొక్కి పట్టుకుని స్విచ్ వెయ్యాలంట. అప్పుడు దాని సంగతులన్నీ అదే చెబుతుందంట," అంది.

అలాగే చేశాను. ప్రింటరు ఎవరూ ఏమీ పంపకుండానే ఒక పేజీ పొడిచింది. అక్క దాని మీద వేలు పెట్టి చదువుతూ వెళ్లింది. నేను తెర మీద మార్చుకుంటూ వెళ్లాను. వేగం ఇంత. ఇది ఉంది. అది లేదు. చివరి వరుస చదివి, "ఇక పంపు," అంది.

పంపాను. కాగితం వచ్చింది. అక్క వేలు పెట్టి, మొదటి వరుస లోలోపల చదువుకుంది. తర్వాత పైకి చదివింది. ప్రభువు శిష్యులతో కలిసి వాగు దాటి తోటలోకి వెళ్లిన మాటలు. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు కారి కాగితం మీద పడబోతే నేనే పక్కకు లాగాను.

మట్టల ఆదివారం ఆరాధన ముందు, ఆ పేజీల కట్ట తీసుకెళ్లి పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన తిరగేసి, చుక్కలను చేత్తో నిమిరి, "తను ఇది చదవగలదా?" అన్నారు. అక్క ఆయన చేతిలోంచి ఒక పేజీ లాక్కుని, ఎక్కడ వేలు పడితే అక్కడ నుంచి చదివింది. పేతురు చలి కాచుకుంటున్న చోటు. ఆయన కాగితాలు జాగ్రత్తగా వరసపెట్టి ఇచ్చేశారు.

మంచి శుక్రవారం ఎండ మండిపోయింది. పన్నెండింటికే గోడలు కాలుతున్నాయి. తెల్ల బట్టల్లో సంఘమంతా కిక్కిరిసి ఉంది. పాఠం వేళకు అందరూ లేచి నిలబడ్డారు. అక్కను వేదిక మీదికి తీసుకెళ్లి, పేజీలు బల్ల మీద సర్ది, వచ్చి నా చోట నిలబడ్డాను.

అక్క చదువుతోంది. తొందర లేదు. కుడిచేతి వేలు వరుస వెంట పోతుంటే ఎడమ చెయ్యి తర్వాతి వరుసను పట్టుకుని ఉంటుంది. పేజీ తిప్పిన చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. పేతురు మూడోసారి కాదన్నాడు. కోడి కూసింది. అధిపతి చేతులు కడుక్కున్నాడు. అప్పుడు, సిలువ మోస్తూ ఊరి బయటికి వెళ్లే చోట, అక్క ఆగిపోయింది.

చెమట. వేళ్ల కొసలు తడిసి కాగితానికి అంటుకుంటున్నాయి. చుక్కలు తెలియడం లేదు. దిగువ నుంచి నాకు అర్థమైంది, కాని ఏం చేయాలో తోచలేదు. అక్క పైట చెంగు తీసి వేళ్లు తుడుచుకుంది. మళ్లీ పెట్టింది. దొరకలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. జనంలో కదలిక వచ్చింది. అప్పుడు ముందు వరుసలో నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఇరవై ఏళ్లు చదివిన పాఠం ఆయనకు నోటికి వచ్చు. ఆగిపోయిన చోటు నుంచి తర్వాతి మాటలు మెల్లగా అందించారు. ఆయన అందుకోగానే ఆడవాళ్ల వైపు నుంచి ఇద్దరు ముగ్గురు కలిశారు. సాయం చేస్తున్నామనే వాళ్ల ఉద్దేశం. కాని ఇంకో నిమిషం ఆగితే సంఘమంతా ఆ పాఠాన్ని ఆవిడ చేతిలోంచి లాగేసుకుంటారు, ప్రేమతోనే.

అక్క ఎడమ చెయ్యి పైకెత్తింది.

"ఆగండి అన్నయ్యగారూ. ఇక్కడే ఉంది."

గొంతు పెంచలేదు. మైకులో అందరికీ వినిపించింది. పెద్దాయన మాట మధ్యలో ఆపేశారు. మిగతావాళ్లూ ఆపేశారు. అక్క వేళ్లు మరోసారి పొడిగా తుడుచుకుని, వరుస మొదటికి వెళ్లి, తడుముకుంటూ వచ్చి, దొరికిన మాట దగ్గర నిలిచింది. అక్కడి నుంచి చదివింది. సిలువ ఎత్తిన చోటు, చీకటి కమ్మిన చోటు, తెర చినిగిన చోటు, సమాధికి రాయి పెట్టిన చోటు, చివరి చుక్క దాకా ఆవిడే చదివింది. సంఘమంతా నిలబడే ఉంది.

ఆరాధన అయ్యాక పెద్దాయన వచ్చి, "బాగా చదివావమ్మా," అన్నారు. ఆ మాట ఆయన నేరుగా అక్కతోనే అన్నారు, నాతో కాదు. చదవడానికి ఆవిడకు ఏం కావాలో ముందే అడగనందుకు మాత్రం ఆయన నోట ఒక్క మాట రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

ఇంటికి నడుస్తుంటే అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "పందొమ్మిదో పేజీలో 'గొల్గొతా' దగ్గర ఒక చుక్క ఎక్కువ పడిందే. వచ్చే ఏటికి దిద్దిపెట్టు," అంది.

మర్నాడు శనివారం. కొత్త కంప్యూటరు వేసి, లోపలి గది తెరిచి, పట్టికలో ఆ మాట దిద్దాను. ఈసారి రెండు నకళ్లు తీసి, ఒకటి అక్క ఇంట్లో పెట్టి వచ్చాను.